ఎవరూ గీయని బాణం

ఆ వేసవిలో సిలబస్ మార్చాలని టముకు వేసింది నేనే. అందుకని ఎవరైనా వచ్చి "చేజేతులా తెచ్చుకున్నావమ్మా" అంటే నోరు మూసుకుని వినాలట. వినను. కొరివితో తల గోక్కున్నానంటే ఒప్పుకుంటాను. ఆ కొరివి అందించిన చెయ్యి ఎవరిదో కూడా చెప్పుకోవాలి కదా.

మాది కంప్యూటర్ సైన్సు డిగ్రీ చెప్పే కాలేజీ. సిలబస్ ఎంత పాతదంటే, ఒక కోర్సు పుస్తకం ఎక్కడా దొరక్క, ఫొటోకాపీకి ఫొటోకాపీ తీసి తీసి అక్షరాలన్నీ చచ్చిన చీమల్లా అయిపోయాయి. ఉద్యోగాలకు వెళ్లిన పిల్లలు ఎప్పుడైనా కనబడితే, "మేడమ్, ఇక్కడ చెప్పింది అక్కడ అడగలేదు, అక్కడ అడిగింది ఇక్కడ చెప్పలేదు" అని నవ్వుతూ చెప్పి పోయేవారు. వాళ్లకేం, నవ్వుతారు. నాకు తల కొట్టేసినట్టుండేది. వెళ్లి మా హెడ్డుకి చెబితే "చూద్దాం" అనేవాడు. దేనికైనా అదే మాట. ఫ్యాను తిరగట్లేదన్నా చూద్దాం, క్లాసులో పిల్లాడు కళ్లు తిరిగి పడ్డాడన్నా చూద్దాం. చాటుగా అందరం ఆయన్ని చూద్దాంగారు అనే పిలుచుకునేవాళ్లం.

ఆ ఏడు సెలవులకు ముందు ఆయనే నన్ను పిలిచి, "మీ పోరు పడలేకపోతున్నాను మేడమ్. ఈ వేసవిలో అందరం కూర్చుని మొత్తం సిలబస్ తిరగేద్దాం" అన్నాడు. నా స్కూటర్ ఆ సాయంత్రం నేల మీద నడవలేదు. వెనక సీటు మీద మా చిన్నది, "సాధించావక్కా!" అని నా భుజాలు పట్టుకుని ఊపేసింది.

మా చిన్నదంటే నా తోడికోడలు. అంతకుముందు నా శిష్యురాలు. మొదటి బెంచీలో కూర్చుని, నేను బోర్డు మీద తప్పు రాస్తే అందరికంటే ముందు పట్టుకునే పిల్ల. మా మరిది లిఫ్టులు బాగుచేస్తాడు. మనిషి బంగారమే గానీ, పెళ్లి మాటెత్తితే ఏదో ఒక లిఫ్టులో ఇరుక్కుపోయేవాడు. ఆ పిల్లని వాడికి చూపించింది నేను. పెళ్లయ్యాక మా డిపార్ట్‌మెంట్‌లో ఖాళీ వస్తే అప్లై చెయ్యమని వెంటపడింది నేను. ఇంటర్వ్యూ ముందు రోజు వంటింట్లో నిలబెట్టి ప్రశ్నలడిగిందీ నేనే. వాళ్లిద్దరూ మేడ మీద, మేము ముగ్గురం కింద. మేమంటే నేను, మా ఆయన, మా అత్తగారు. పొయ్యి మాత్రం ఒక్కటే.

మా ఆయన కట్టుడు పళ్లు తయారుచేస్తాడు. రోజంతా నోళ్లతోనే పని, తన నోరు మాత్రం విప్పడు. మా అత్తగారు ఆ లోటు లేకుండా చూసుకుంటుంది.

ఇక నా కోర్సు. దాన్ని కంప్యూటర్ ఆర్గనైజేషన్ అంటారు. పేరు చూసి భయపడక్కర్లేదు. డబ్బా లోపల ఏం జరుగుతుందో చెప్పే కోర్సు అది. పిల్లలు తెర మీద బొమ్మలు కదిలిస్తారు, ఆటలు రాస్తారు. లోపల మెమరీలో ఒక అంకె ఎక్కడ కూర్చుంటుందో, దాన్ని ఎవరు వెళ్లి తెస్తారో, తెచ్చింది ఎక్కడ పెడతారో తెలియదు. అది రెండో ఏడులో నేను చెప్తాను. దానికో ల్యాబు ఉంది. చెక్క బల్లలు, బల్లల మీద చిన్న చిన్న బల్బుల బోర్డులు. తీగలు తనే కలిపి, రెండు అంకెలు కూడి, సరైన బల్బు వెలిగినప్పుడు పిల్ల మొహం చూడాలి. ఆ ల్యాబులో ప్రతి తీగా నేను అతికిందే.

ఆ కోర్సు పోతే నేనూ పోతాను. ఉద్యోగం పోదు, అంతకంటే కనాకష్టం. రోడ్డుకి అవతల కామన్ సెక్షన్ అని ఒకటుంది. వేరే సబ్జెక్టుల పిల్లలకి పట్టికలు గీయడం, రంగుల చార్టులు వెయ్యడం నేర్పుతారక్కడ. చెప్పడానికి కోర్సు లేని టీచర్ని అక్కడికి తోసేస్తారు. వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు. ఈ సంగతి అందరికీ తెలుసు. మా చిన్నదానికి అందరికంటే బాగా తెలుసు, ఎందుకంటే ఆ భయం నేను చెప్పుకున్నది దానితోనే.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం వంటింట్లో బీన్స్ తుంచుతూ కూర్చున్నాం. బయట ఎండ పెళపెళలాడుతోంది. మా అత్తగారు వరండాలో కునుకు తీస్తోంది.

"నిజం చెప్పనా," అన్నాను. "నా కోర్సులో నడుమ కొన్ని వారాలుంటాయి చూడు, ఆ పాత చిప్పు గురించి. అవి చెప్తుంటే నాకే నిద్రొస్తుందే."

అది పకపకా నవ్వింది. "నేను చదివినప్పుడూ అంతేనక్కా. నీ మొహం చూసి అందరం ఆవలింతలు ఆపుకునేవాళ్లం."

"సగంమంది పరీక్ష తప్పుతున్నారు. పిల్లలది కాదు తప్పు. నాదే. ఆ చిప్పు మీద నాకున్న మోజు వదలదు. ఈసారి దాన్ని తీసి అవతల పారేస్తా. దాని బదులు క్లాసునే యంత్రం చేసేస్తా."

"అంటే?"

"ఒక్కో బెంచీ ఒక్కో మెమరీ గది. ఒక్కో పిల్లాడి చేతిలో ఒక అంకె. ఒకరు పరిగెత్తి అంకె తెస్తారు, ఒకరు కూడతారు, ఒకరు తీసుకెళ్లి తిరిగి పెడతారు. ఎవరు తప్పు గది దగ్గరికి వెళ్లినా లెక్కంతా గల్లంతు. అప్పుడర్థమవుతుంది అడ్రస్ అంటే ఏమిటో."

"అబ్బ, ఎంత బాగుందక్కా! నేను చదివినప్పుడు ఎందుకు చెయ్యలేదు ఇలా?"

"అప్పుడు నాకు బుర్ర లేదు," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నేను ఆ మధ్యాహ్నం ఎంత సంతోషంగా ఉన్నానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ వారమే హెడ్డు గదిలో చిన్న మీటింగు. చూద్దాంగారు, పెద్ద మాస్టారు, నేను, మా చిన్నది. పెద్ద మాస్టారు మా అందరికంటే సీనియరు. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. మొదటి ఏడులో ఆయన చెప్పేది ఫ్లోచార్టులు. సెమిస్టర్ పొడుగునా డబ్బా గీయి, డబ్బాలోంచి గీత గీయి, పక్కనే ఇంకో డబ్బా గీయి. పిల్లలకి ప్రోగ్రామ్ రాయడం రాకపోయినా స్కేలు పట్టుకోవడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చేది. ఆ చీమల అక్షరాల పుస్తకం ఆ కోర్సుదే. ఏ కోర్సు తియ్యాలన్నా ఎవరి మనసో నొచ్చుకుంటుంది కాబట్టి, మొహమాటం లేని ఒక పద్ధతి కావాలని నేను ఆలోచించి పెట్టుకున్నాను.

"గోడ మీద కోర్సులన్నీ అతికిద్దాం సార్," అన్నాను. "ఎవరి కోర్సుకి ముందు ఏ కోర్సు వచ్చి తీరాలో, ఆ టీచరే అందరి ముందూ లేచి బాణం గీయాలి. కింది కోర్సు నుంచి తన కోర్సుకి. మొదటి రెండేళ్లలో ఏ కోర్సు నుంచైనా ఒక్క బాణం కూడా బయటికి వెళ్లలేదనుకోండి, అది ఎందుకుండాలో చెప్పుకోవాల్సిన బాధ్యత ఆ కోర్సుదే."

చూద్దాంగారు కాసేపు కణత గోక్కున్నాడు. "బాగానే ఉంది. అలాగే పెడదాం."

పెద్ద మాస్టారు పాపం తల ఊపాడు. నా లోపల మాత్రం ఈల వేసినట్టుంది. ఫ్లోచార్టులు గీయడం వచ్చి తీరాలని ఎవరు గీస్తారు బాణం? నా కోర్సు సంగతంటారా, దాని మీద నేరుగా నిలబడేది ఒక్కటే, ఆపరేటింగ్ సిస్టమ్స్, అంటే ఆ యంత్రం మొత్తాన్నీ నడిపించే సాఫ్ట్‌వేర్ పాఠం. మెమరీ తెలియకుండా అది చెప్పడం ఎవరి తరమూ కాదు. దాన్ని చెప్పేది ఎవరు? మా చిన్నది. ఇంక నాకు దిగులెందుకు?

మెట్లు దిగుతుంటే దాన్ని మోచేత్తో పొడిచి, "నా ప్రాణం నీ చేతిలో ఉందే" అన్నాను, సరదాకి. "ఊరుకో అక్కా" అంది.

పెద్ద మీటింగు నాడు ల్యాబుల నడవాలో ఉన్న పొడుగాటి గోడంతా తెల్లకాగితం పరిచాం. కోర్సుల పేర్లు రాసిన అట్టముక్కలు నేనే అతికించాను. అందరికీ కుర్చీలు, టీ, ఒక నీలం మార్కరు. చూద్దాంగారు ఒక్కొక్కళ్లనీ పిలుస్తున్నాడు.

మొదట ప్రోగ్రామింగ్ చెప్పే ఆయన లేచాడు. తిన్నగా వెళ్లి ఫ్లోచార్టుల అట్ట నుంచి తన అట్టకి ఒక బాణం గీశాడు. నేను కళ్లు నులుముకున్నాను. ఆ తర్వాత లేచినావిడ కూడా తన బాణంతో పాటు ఫ్లోచార్టుల నుంచి మరొకటి గీసింది. ఇంకో ఆయన కూడా. అప్పుడు వెలిగింది నాకు. వీళ్లంతా పెద్ద మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లు. గురువుగారి ఎదురుగా ఆయన పాఠం అక్కర్లేదని ఎవరు లేచి చెప్తారు? పెద్ద మాస్టారు మాత్రం ఏమీ ఎరగనట్టు టీ ఊదుకుంటూ తాగుతున్నాడు. నేను పన్నిన వల ఆయనకి ఊయలైంది. కోపం రాలేదు, నవ్వొచ్చింది. సరేలే, శిష్యులన్నాక ఆ మాత్రం ఉండాలి అనుకున్నాను కూడా. దేవుడా, అలాగే అనుకున్నాను.

"ఆపరేటింగ్ సిస్టమ్స్," అన్నాడు చూద్దాంగారు.

మా చిన్నది లేచింది. మార్కరు తీసుకుంది. నా పక్కనుంచే వెళ్లింది. ప్రోగ్రామింగ్ అట్ట నుంచి తన అట్టకి ఒక బాణం గీసింది. కొంచెం వెనక్కి జరిగి, వంకరొచ్చిందేమో చూసుకుంది. మార్కరుకి మూత పెట్టి బల్ల మీద పెట్టింది. వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

మర్చిపోయిందనుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను. గొంతు తగ్గించి, "ఒసేయ్, ఇంకోటి" అన్నాను. అది గోడకేసి చూస్తూ కూర్చుంది.

మిగతావాళ్ల బాణాలు కూడా అయిపోయాయి. గోడంతా నీలంగా, అల్లిబిల్లిగా తయారైంది. నా అట్ట చుట్టూ మాత్రం తెల్లగా ఉంది.

"మేడమ్," అన్నాడు చూద్దాంగారు, గొంతు సవరించుకుని. "రూలు మీరే పెట్టారు. మీ కోర్సు నుంచి బాణం ఎటూ వెళ్లలేదు. చెప్పండి మరి."

లేచాను. నోరు నాదే కదా, చెప్పాను. పాత చిప్పు తీసేస్తున్నానన్నాను. బెంచీలే మెమరీ గదులన్నాను. పరిగెత్తే పిల్ల గురించి, కూడే పిల్లాడి గురించి చెప్తుంటే కొందరు తలలూపారు కూడా. కొంచెం ఊపిరి వచ్చింది. ఇంకా చెప్పబోతుంటే చూద్దాంగారు నవ్వుతూ, "అది సరే మేడమ్, ఆ కోర్సు చెప్తుంటే మీకే నిద్రొస్తుందట కదా?" అన్నాడు.

అందరూ గొల్లుమన్నారు. పెద్ద మాస్టారు కూడా. సరదాగానే నవ్వారు, నా మీద పగ ఉండి కాదు.

"తప్పేవాళ్లు తప్పుతున్నది కూడా పిల్లల లోపం కాదని మీరే అంటున్నారట. మీరు నిజాయితీపరులు, అందుకే అడుగుతున్నాను."

ఆ మాటలు నా వంటింట్లోవి. బీన్స్ ఈనెలతో సహా అక్కడే ఉండాల్సినవి. నేను మా చిన్నదానికేసి చూశాను. అది టీ కప్పులోకి చూస్తోంది. చెప్పబోయింది అక్కడే వదిలేసి కూర్చున్నాను.

చూద్దాంగారు ఆ రోజు చూద్దాం అనలేదు. "తీసేద్దాం" అన్నాడు. ఖాళీ అయిన క్రెడిట్లతో, అంటే నా కోర్సు గంటలతో, మెషిన్ లెర్నింగ్ అని కొత్త కోర్సు పెడదామన్నాడు. ఆపరేటింగ్ సిస్టమ్స్‌ని రెండో ఏడులోకి, నా కోర్సు ఉన్న చోటికి జరుపుదామన్నాడు. ఆ రెండూ మా చిన్నదే చెప్తుంది. కొత్త కోర్సుకి ల్యాబు కావాలి కదా, ఎలాగూ ఒకటి ఖాళీ అవుతోంది. అన్నీ ముందే అమర్చి పెట్టుకున్నట్టు చకచకా సాగిపోయాయి. పెట్టుకున్నట్టేమిటి, పెట్టుకున్నారు.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. ఒక్కదాన్నే వచ్చాను. అది తర్వాత బస్సులో వచ్చినట్టుంది. నేరుగా వంటింట్లోకి వచ్చి, పొయ్యి దగ్గర నిలబడ్డ నా వెనక నిలబడింది.

"కోపమా అక్కా?"

"నిద్ర సంగతి ఆయనకి ఎవరు చెప్పారు?"

"ఆయనే అడిగారక్కా, ఇంట్లో మీ అక్క సిలబస్ గురించి ఏమంటుంటుందని. మాటల్లో మాట వచ్చేసింది."

"బాణం కూడా మాటల్లోనే ఎగిరిపోయిందా?"

అది పసిమి రంగు పిల్ల, అబద్ధం చెప్తే మెడ ఎర్రబడిపోతుంది. ఎర్రబడింది. "అది కాదక్కా. ఆపరేటింగ్ సిస్టమ్స్ ఇప్పుడు కొత్తగా చెప్తున్నారు అన్నిచోట్లా. అడుగునుంచి రానక్కర్లేదు. నాకు నిజంగానే నీ కోర్సు అక్కర్లేదనిపించింది."

"ఎప్పుడనిపించింది? బీన్స్ తుంచేటప్పుడా?"

"కొత్త కోర్సు నాకే ఇస్తానన్నారు. ఇలాంటిది మళ్లీ రాదు. క్రెడిట్లు ఎక్కడినుంచో ఒకచోటునుంచి రావాలి కదా..."

"నా గొంతు కోసి తేవాలా?"

"నువ్వు ఇంత పెద్ద టీచరువి, నిన్నెవరేం చేస్తారక్కా?" అంది. అనేసి తనే తల దించుకుంది, ఎందుకంటే కామన్ సెక్షన్ సంగతి దానికి తెలుసు.

నాకు అది కొత్త కోర్సు కోరుకున్నందుకు కోపం లేదు. వయసులో ఉంది, ఎదగాలని ఉంటుంది, నాకు లేకపోయిందా? నా దగ్గరికొచ్చి, "అక్కా, నీ కోర్సు పోతేనే నాది వస్తుంది, ఏం చేద్దాం" అని అడిగుంటే పోట్లాడుకునేవాళ్లం, ఏడ్చేవాళ్లం, ఏదో ఒక దారి వెతుక్కునేవాళ్లం. అడగలేదు. నా చేతి భోజనం తింటూ, నా స్కూటర్ ఎక్కి తిరుగుతూ, నా మాటలు ఏరుకుని పట్టుకెళ్లింది. నమ్మినవాళ్లని నట్టేట ముంచడమంటే ఏమిటో అంతవరకూ సామెతగానే తెలుసు నాకు.

మర్నాడు పొద్దున నేను స్కూటర్ తీస్తుంటే గేటు దగ్గర బ్యాగు తగిలించుకుని నిలబడి ఉంది, రోజూలాగే. రాత్రి తెల్లారేసరికి అక్క కరిగిపోయి ఉంటుందనుకుంది కాబోలు. "మీరు బస్సులో రండి మేడమ్," అని స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాను. సందు మలుపు తిరిగేదాకా అద్దంలో అలాగే నిలబడి కనిపించింది. మలుపు తిరిగాక ఆపి, రోడ్డు పక్కన ఏడ్చాను. పాలబ్బాయి ఎవరో "బండి ఆగిపోయిందా అమ్మా?" అని అడిగితే అవునన్నాను.

ఇంట్లో తెలియకుండా ఎన్నాళ్లుంటుంది? మా మరిది ఒక సాయంత్రం వచ్చి, నా ఎదురుగా కూర్చుని, చేతులు నలుపుకుంటూ, "వదినా, ఆఫీసు గొడవలు ఇంట్లోకెందుకు?" అన్నాడు.

"ఇంటి మాటలు ఆఫీసులోకి ఎందుకెళ్లాయో మీ ఆవిడని అడుగు," అన్నాను. లేచి మేడ మీదికి వెళ్లిపోయాడు పాపం. ఆ పిల్లాడి మీద నాకేం కోపం లేదు.

మా ఆయన పళ్ల అచ్చు ఒకటి దీపం కింద పెట్టుకుని గీకుతూ, చాలాసేపటికి, "నువ్వు చెప్పినదే నీ మీద వాడారంటే, ఇక నువ్వు ఇంట్లో కూడా ఆలోచించుకుని మాట్లాడాలన్నమాట" అన్నాడు. సరిగ్గా అదే. నా బాధ అంతా ఆ ఒక్క ముక్కలో చెప్పేశాడు, నోరు విప్పనివాడు.

అత్తగారు మాత్రం ఉత్సాహంగా ఉంది. "మా ఆడపడుచుతో నేను పదేళ్లు మాట్లాడలేదు. ఏం, చచ్చానా? హాయిగా ఉన్నాను. ఇద్దరు వండితే కూరకి రుచి ఉండదు, పొయ్యిలు వేరు పెట్టుకోండి," అంది. హాస్యానికి అందనుకున్నాం గానీ, మా మరిది మర్నాడే ఒక పొయ్యి కొనుక్కొచ్చి మేడమీద బిగించాడు. నేను గిన్నెలు రెండు భాగాలు చేసి, దాని భాగం మెట్ల మీద పెట్టాను. అందరికీ కలిపి వండే పెద్ద గిన్నె ఒకటే ఉంది. అది కూడా పైకే పెట్టేశాను. నాకెందుకో ఆ గిన్నె చూడాలనిపించలేదు.

వానలు మొదలయ్యే వేళకి కాలేజీ తెరిచారు. నా బల్బుల బోర్డులు అట్టపెట్టెల్లో సర్దుకుని, రోడ్డు దాటించి కామన్ సెక్షన్లో నా కుర్చీ వెనక పేర్చుకున్నాను. అక్కడ పిల్లలు మంచివాళ్లే. చార్టుకి ఏ రంగు వెయ్యాలి మేడమ్ అని అడుగుతారు. మీ ఇష్టం అంటాను. పాఠం అయిపోతుంది. గంట కొట్టకముందే అయిపోయే పాఠం చెప్పడమంత చావు లేదు ఒక టీచరుకి.

రోడ్డుకి ఇవతల ఉన్నా అవతలి కబుర్లు వస్తూనే ఉండేవి. రెండో ఏడు పిల్లలు ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో బిక్కమొహాలేసుకుని కూర్చుంటున్నారట. ఎవరో పిల్ల లేచి "అడ్రస్ అంటే ఏంటి మేడమ్?" అని అడిగిందట. ఈవిడ తన పాఠం ఆపి అది చెప్పడం మొదలెట్టిందట. చెప్పి చెప్పి, సొంత పాఠం వెనకబడిపోయిందట. పిల్లలు వెళ్లి హెడ్డుతో మొరపెట్టుకుంటే ఆయన "చూద్దాం" అన్నాడట. ఆయన పాత దారికి వచ్చేశాడన్నమాట. నాకు సంతోషం కలగలేదు. కలగాలని చూశాను, రాలేదు. ఆ బెంచీల్లో పిల్లలే గుర్తొచ్చారు.

ఒక ఆదివారం పగలు, వాన చినుకులు పడుతుంటే, అది మేడ మెట్లు దిగి వచ్చింది. గడప దాటకుండా గుమ్మంలోనే నిలబడింది. కళ్ల కింద నల్లగా ఉంది. చిక్కిపోయింది. నేను ఇల్లు తుడుస్తున్నాను. ఆపలేదు.

"అక్కా."

తుడుస్తున్నాను.

"పిల్లలకి మెమరీ అర్థం కావట్లేదక్కా. నేను చెప్తే బుర్రకెక్కట్లేదు. నీ బెంచీల పాఠం చేసి చూశాను, అంతా గందరగోళం అయిపోయింది, ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుకున్నారు. పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. నువ్వు నాలుగు క్లాసులు చెప్పవా? హెడ్డుగారు ఒప్పుకున్నారు. నీ పేరు కూడా వేస్తామన్నారు."

నా బెంచీల పాఠం కూడా చేసి చూసిందట. అది కూడా నా వంటింట్లోంచి వెళ్లినదే. నేను గుడ్డ బకెట్లో వేసి లేచి నిలబడ్డాను.

"ఒక్కటి అడుగుతాను. అబద్ధం చెప్పకు," అన్నాను. "ఆ రోజు గోడ దగ్గర మార్కరు పట్టుకుని నిలబడ్డప్పుడు, నా కోర్సు లేకుండా నీ కోర్సు నడవదని నీకు తెలుసా? నిజంగా అక్కర్లేదనే అనిపించిందా?"

వాన శబ్దం ఎక్కువైంది. లోపల్నుంచి అత్తగారు "ఎవరే అది?" అని అరిచింది.

"తెలుసక్కా," అంది. "అప్పుడే తెలుసు."

మెడ ఎర్రబడలేదు. నిజమే చెప్పింది. ఆ నిజం విన్నాక నాకు కాస్త తేలిక అవుతుందనుకున్నాను. కాలేదు, ఇంకా బరువెక్కింది.

"పిల్లల్ని పంపించు," అన్నాను. "కామన్ సెక్షన్‌కి, సాయంత్రం గంటలు అయిపోయాక. బోర్డులు నా దగ్గరే ఉన్నాయి. నాలుగు క్లాసులు చాలవు, అయ్యేవరకూ చెప్తాను. నా పేరు ఎక్కడా వెయ్యక్కర్లేదని మీ హెడ్డుకి చెప్పు."

దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక అడుగు లోపలికి వేసింది. "నేనూ వస్తానక్కా. వెనక బెంచీలో కూర్చుంటాను. నువ్వెలా చెప్తావో మళ్లీ వింటాను."

"నువ్వు రాకు," అన్నాను. "వాళ్లకి తెలియదు, చెప్తాను. నీకు తెలుసు. తెలిసినవాళ్లకి చెప్పడానికి నా దగ్గరేం లేదు."